చాలు అనమన్న సార్

అమీర్‌పేటలో జిరాక్స్ తీయించుకోవడానికి ఒక షాపుకు వెళ్ళాను. ఆ షాపతను మా పాత గల్లీలోనే పెరిగాడు, నాకంటే నాలుగైదేళ్ళు చిన్న. కాగితాలకు స్టేప్లర్ కొడుతూ, తలెత్తకుండానే, "అక్కా, టైమ్‌కీపర్ సార్ పోయిండు, తెల్సా?" అన్నాడు. ఎప్పుడని అడిగితే రంజాన్‌కు ముందే అన్నాడు. "అట్లనా" అన్నాను. కాగితాలు సంచిలో పెట్టుకుని బస్టాపుకు వచ్చి నిలబడ్డాను.

ఏడుపేమీ రాలేదు. అబద్ధం ఎందుకు చెప్పాలి? ఆయన నాకు చుట్టం కాదు, చివరికి గురువు కూడా కాదు. నా టెన్త్ పరీక్షలకు ఆరు వారాల ముందు ట్యూషన్ చెప్పమని మావాళ్ళు పిలిస్తే, వచ్చి గంటసేపు కూర్చుని, టీ తాగి, చెప్పనని వెళ్ళిపోయిన మనిషి. ఒక్క లెక్క కూడా నేర్పలేదు. అయినా ఆ బస్టాపులో నేనెక్కాల్సిన బస్సులు రెండు వదిలేశాను.

ఆయన పేరు నాకు తెలుసు గానీ ఆ పేరుతో ఎవరూ పిలవగా వినలేదు. సనత్‌నగర్ వైపు ఏదో మిషన్ పార్టుల ఫ్యాక్టరీలో టైమ్‌కీపర్. గేటు దగ్గర కూర్చుని, ఎవరు ఎన్నింటికి లోపలికి వచ్చారో, ఎన్నింటికి బయటికి పోయారో రాసుకునే ఉద్యోగం. సాయంత్రాలు పంజాగుట్ట వెనక గల్లీలో, తన ఇంట్లోనే, టెన్త్ పిల్లలకు లెక్కలు చెప్పేవాడు. పొడుగు మనిషి. చొక్కా గుండీ మెడ దాకా పెట్టుకునేవాడు, మే నెలలో కూడా. నవ్వు బాగా తక్కువ.

టైమ్‌కీపర్ అయ్యుండీ చేతికి గడియారం ఉండేది కాదు. ఎవరైనా అడిగితే, "చేతి గడియారం మనిషి మాట వింటది. టేబుల్ మీదిది వినదు" అనేవాడు. అందుకే ఎక్కడికి వెళ్ళినా ఒక టైమ్‌పీసును టవలులో చుట్టి సంచిలో పెట్టుకుని వెళ్ళేవాడు. ఇరానీ హోటల్లో కూర్చున్నా ముందు దాన్ని తీసి టేబుల్ మీద పెట్టి, తర్వాతే టీ చెప్పేవాడట. రెండు నిమిషాలు ఆగమంటే రెండే నిమిషాలు. మూడోది పడగానే లేచి వెళ్ళిపోయేవాడు, అవతలివాడు పెళ్ళిపిలుపు మధ్యలో ఉన్నా సరే.

బోనాలప్పుడు ఒకసారి బల్కంపేట దగ్గర జనం విరగబడి బస్సులు ఆగిపోయాయి. ఆయన దిగి నడుచుకుంటూ ఫ్యాక్టరీకి వెళ్ళాడు. వెళ్ళి రిజిస్టరులో తన పేరు ఎదురుగా తనే ఆలస్యం అని రాసుకున్నాడు. "అమ్మవారి పండగ గదా సార్, ఎవడడుగుతడు?" అని పనివాళ్ళంటే, "రిజిస్టర్ అడుగుతది" అన్నాడట. ఈ మాట మా గల్లీలో కొందరు మెచ్చుకుంటూ చెప్పేవాళ్ళు, ఎక్కువమంది నవ్వుతూ చెప్పేవాళ్ళు.

పిల్లల్ని చేర్చుకోవడంలోనూ ఆయనకొక పద్ధతి ఉంది. అడిగిన ప్రతివాళ్ళనూ చేర్చుకునేవాడు కాదు. ముందు ఇంటికి వచ్చి ఒక గంట కూర్చునేవాడు. పిల్లకో పిల్లాడికో ట్యూషన్ కావాలో వద్దో ఆ గంటలో చెప్పేసేవాడు. చాలామందికి వద్దనే అనేవాడు. ట్యూషన్ వద్దని చెప్పే ట్యూషన్ మాస్టరును మీరెక్కడైనా చూశారా? మా అమ్మ కూడా చూడలేదు. అందుకే ఆయనంటే ఆమెకు అనుమానం.

ఇక మా ఇంటి సంగతి. ఎనభైల నడిమి రోజులు. అమీర్‌పేటలో రెండు గదుల అద్దె ఇల్లు. అమ్మ పంజాగుట్టలో ఒక ఆసుపత్రిలో ఆయా. నాయిన ఎర్రమంజిల్‌లో ఒక సర్కారు ఆఫీసులో రికార్డ్ అసిస్టెంట్. నేను టెన్త్, తెలుగు మీడియం. అమ్మ వాళ్ళ ఆసుపత్రి మేట్రన్ ఒక మాటిచ్చింది. నేను ఈసారి టెన్త్ పాసయితే నర్సు ట్రైనింగులో పెట్టిస్తుంది. ఫెయిలయితే ఆయా పని ఖాళీగా ఉంది, రేపట్నించే రావచ్చు. ఆమె ఈ జూలైలోనే రిటైరవుతోంది, కాబట్టి సప్లిమెంటరీలో చూసుకుందాం అనే వీల్లేదు. అమ్మ ఆ సంగతి నాకు రోజుకు రెండుసార్లు గుర్తుచేసేది. "తెల్ల టోపీ పెట్టుకుంటవా, నా లెక్క బెడ్‌పాన్లు కడుగుతవా, నీ ఇష్టం బిడ్డా" అనేది. నా ఇష్టమేమిటో అందరికీ తెలుసు. నా లెక్కల మార్కులే ఇంకోలా ఉండేవి.

ప్రీఫైనల్లో లెక్కల్లో ఇరవై రెండు వచ్చాయి. విచిత్రం ఏమిటంటే, ఆ ఇరవై రెండు మార్కుల పేపరునే మా స్కూలు నోటీసుబోర్డు మీద అంటించారు, "పరిశుభ్రతకు నమూనా" అని పైన రాసి. ఫెయిలయిన పేపరు నోటీసుబోర్డెక్కడం మా స్కూలు చరిత్రలో అదే మొదలు, బహుశా చివర కూడా. నాయిన ఆఫీసుకు అరపూట సెలవు పెట్టి వచ్చి దాన్ని చూసుకుని వెళ్ళాడు. మార్కుల దగ్గర ఆయన చూపు ఆగిందో లేదో నాకు తెలియదు.

మా నాయిన అక్షరం గురించి ఇక్కడ చెప్పాలి. ఆయన చదివింది ఎనిమిదో తరగతి. కుర్రతనంలో ఎవరికోసమో ఒక అర్జీ రాసిపెడితే, అది చూసిన ఆఫీసరు "ఇది రాసినోణ్ణి పిలవండి" అన్నాడట. అలా వచ్చిన ఉద్యోగం. మా చర్చి బయట నల్లబోర్డు మీద ఆదివారం వాక్యం రాసేది ఆయనే. గల్లీలో పెళ్ళికార్డుల మీద పేర్లు, ఆఫీసులో పెద్దవాళ్ళకు వెళ్ళే ఫేర్ కాపీలు, అన్నీ ఆయన చేతివే. అక్షరమే తనకు అన్నం పెట్టిందని ఆయన నమ్మకం. అది నిజం కూడా. ఉన్న ఒక్క ఆస్తినీ నాకు ఇవ్వాలనుకున్నాడు పాపం.

కాబట్టి నాకు నేర్పిన పద్ధతి ఇది. రెండు వైపులా స్కేలుతో మార్జిన్. ప్రశ్న మొత్తం నల్లపెన్నుతో దించాలి. జవాబు నీలంపెన్నుతో. చివరి జవాబు కింద రెండు గీతలు, స్కేలుతోనే. కొట్టివేత ఉండకూడదు. తప్పు పడితే ఆ పేజీ పక్కన పడేసి కొత్త పేజీ మొదలుపెట్టాలి. నేను అలాగే చేసేదాన్ని. ఎందుకు చెయ్యను? స్కూల్లో టీచర్లంతా నా నోటుపుస్తకం ఎత్తి క్లాసుకు చూపించేవాళ్ళు.

పక్కింటి ఆంటీ గోదావరి జిల్లా నించి వచ్చినావిడ, మంచిది, కానీ ప్రతి విషయానికీ ఆవిడ దగ్గర ఒక అడ్రసు ఉండేది. మా అమ్మ కళ్ళు తుడుచుకోవడం చూసి వెంటనే వచ్చేసింది. "ఏంటి వదినగారూ ఇది, ఆడపిల్ల జీవితమండీ! శ్రీనగర్ కాలనీలో ఒక మాస్టారున్నారు. రేకుల షెడ్డులో నలభైమంది. పాస్ గ్యారంటీ అంటారు. రేపే చేర్చేయండి" అంది.

నాయినకు ఆ నలభైమంది మాట నచ్చలేదు. "నలబై మందిల దీని పుస్తకం ఎవలు చూస్తరు? టైమ్‌కీపర్ సార్‌ను పిలుద్దాం" అన్నాడు.

"ఆయనా!" అంది అమ్మ. "బల్కంపేట పిలగాణ్ణి గట్లనే ముంచిండు గదా. ట్యూషన్ అక్కర్లే, పాసయితవ్ పో అన్నడు. ఫెయిలయిండు. వాళ్ళ నాయిన ఫ్యాక్టరీ గేటు కాడికి పోయి నానా తిట్లు తిట్టిండు, తెల్వదా నీకు?"

ఆ కథ నిజమే. కాకపోతే అమ్మ ఎప్పుడూ సగమే చెప్పేది. ఆ తిట్లన్నీ విని సార్, "తప్పు నాదే" అన్నాడట. మర్నాటి నించి సప్లిమెంటరీ పరీక్ష దాకా రోజూ వాళ్ళింటికే నడిచి వెళ్ళి ఆ పిల్లాడికి లెక్కలు చెప్పాడు. వాడు పాసయ్యాడు. ఆ తర్వాతే ఈ గంటసేపు కూర్చునే పద్ధతి మొదలుపెట్టాడంటారు.

ఆదివారం చర్చి నించి వచ్చేసరికి సార్ గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. చివరికి నాయిన మాటే నెగ్గింది. ఆయన పదకొండున్నరకు రమ్మన్నాడు, సార్ పదకొండున్నరకే వచ్చాడు. మేమే ఆలస్యం. ఆ సంగతి ఆయన అనలేదు గానీ టైమ్‌పీసు తీసి బల్లమీద పెట్టి మా వైపు ఒకసారి చూశాడు. నాయిన రెండుసార్లు సారీ చెప్పాడు.

"ప్రీఫైనల్ పేపర్ ఉందా బేటీ? చదువు, విందాం" అన్నాడు సార్.

నేను ప్రశ్నాపత్రం చదివాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. అందులోంచి ఐదు లెక్కలు ఏరి, "గివి అరగంటల జెయ్యి. పరీక్షల రాసినట్లే రాయాలె" అన్నాడు. అని కుర్చీని అటు తిప్పి, నా వైపు వీపు పెట్టి, వీధి చూస్తూ కూర్చున్నాడు.

అమ్మ తలుపు చాటు నించి నాయినకు సైగ చేస్తోంది, ఇదేం చోద్యం, పేపరు చూడకుండా ఏం కనిపెడతాడు అని. నాయిన ఆగమన్నట్లు చెయ్యి ఊపాడు. నేను స్కేలు తీశాను.

ఆ అరగంటలో సార్ ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. ఒకసారి మాత్రం, "గా సైకిల్ ఆయన రెండోసారి పోతుండు" అని తనలో తను అనుకున్నాడు. అమ్మ టీ తెచ్చి కిటికీలో పెడితే సాసరులో పోసుకుని తాగాడు. టైమ్‌పీసు అరగంట కొట్టేలా పెట్టినట్టున్నాడు, అది గణగణ మోగితే నా చేతిలో పెన్ను జారింది.

"ఆపు" అన్నాడు, ఇంకా వీధి వైపే చూస్తూ. "రెండు లెక్కలయినయ్. మూడోదానికి ప్రశ్న దించుతున్నవ్. అవునా?"

అవును.

"స్కేల్ పందొమ్మిది సార్లు కింద పెట్టినవ్. పెన్ మూత పదకొండు సార్లు తీసినవ్. ఒక పేజీ చింపినవ్. లెక్కల దగ్గర మాత్రం ఎక్కడ ఆగలేదు. పెన్ను గలగల నడిచింది. లెక్కలొస్తయి ఈ బిడ్డకు." అప్పుడు ఇటు తిరిగి నాయినను అడిగాడు. "గిట్ల రాయాలని ఎవరు నేర్పిండ్రు?"

"నేనే సార్" అన్నాడు నాయిన. అంత గర్వంగా అన్నాడు, నాకిప్పుడు తల్చుకున్నా మనసు చివుక్కుమంటుంది.

సార్ కుర్చీలోంచి లేచి, "భాయ్, మీరు జర గిట్ల కూసోండి" అని నాయినను నా చోట కూర్చోబెట్టాడు. నేను చేసిన లెక్కల్లో మొదటిది చూపించాడు. "గిది చూసి రాయండి. లెక్క చెయ్యద్దు, ఆలోచన చెయ్యద్దు. కాపీ కొట్టండి, గంతే. మీ చేతిరాత ఎట్లుంటదో గట్లనే."

నాయిన మురిసిపోయాడు. తన అక్షరం చూపించే అవకాశం వచ్చిందనుకున్నాడు. మార్జిన్ గీశాడు, నల్లపెన్నుతో ప్రశ్న దించాడు, నీలంపెన్ను తీశాడు, చివర రెండు గీతలు కొట్టి, కాగితం దూరంగా పట్టుకుని చూసుకున్నాడు. నిజంగానే అచ్చుగుద్దినట్లుంది.

"తొమ్మిది నిమిషాలు" అన్నాడు సార్. "పరీక్షల ఒక్కో లెక్కకు ఆరే ఉంటయి. మీరు ఆలోచన లేకుండ రాస్తేనే తొమ్మిదయింది. ఆ బిడ్డ ఆలోచన సుత చెయ్యాలె గదా భాయ్."

ఇంతే అన్నాడు. గొంతు పెంచలేదు. నాయిన చేతిలో కాగితం అలాగే ఉంది. ఆయన మెడ నరాలు లేచి కనిపించాయి, ఏమన్నా అంటాడేమో అనుకున్నాను. కాగితం బల్లమీద బోర్లా పెట్టాడు. నోటీసుబోర్డు, మార్కులు, ఆ రెండిటి మధ్య సంబంధం ఆయనకు ఆ నిమిషంలో తెలిసిందనుకుంటా. నాకూ అప్పుడే తెలిసింది.

అమ్మే ధైర్యం చేసి, "అయితే ఎప్పట్నించి వస్తరు సార్?" అంది.

"నేను రాను. ట్యూషన్ అక్కర్లేదు. మాస్టర్ ఇంట్లనే ఉన్నడు." నాయినను చూపించాడు. "గీ టైమ్‌పీస్ ఇడిసి పోతున్న. రోజు పది లెక్కలు. ఆరు నిమిషాలకు మీరు 'చాలు' అనాలె. అక్షరం సగంల ఉన్నా సరే, చాలు అంటే చాలు. ఒకటే పెన్ను. స్కేల్ బంద్."

"నేననాల్నా?" అన్నాడు నాయిన.

"మీరే అనాలె. ఇంకెవలన్నా ఆమె ఆగదు."

టవలు మడిచి సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ రోజు మా ఇంట్లో జరిగిన రభస అంతా రాస్తే పెద్ద గ్రంథమవుతుంది. తప్పించుకోవడానికి ఆడిన నాటకం అంది అమ్మ. పేపరు చూడనివాడు, పుస్తకం తెరవనివాడు, వీధిలో సైకిళ్ళు లెక్కపెట్టుకుని పోయాడు అంది. పక్కింటి ఆంటీ, "ఏంటండీ బాబూ, గడియారమిచ్చి పోవడం ఏంటి? ఇంకా ఆలోచిస్తారేంటి, శ్రీనగర్ కాలనీకి పదండి" అంది. నాయిన ఆ టైమ్‌పీసును ముట్టుకోలేదు. సోమవారం పోయింది. మంగళవారం పోయింది. పరీక్షలకు ఉన్న ఆరు వారాల్లో ఇలా రెండు రోజులు కరిగిపోతుంటే అమ్మ అన్నం ముందు కూర్చుని ఏడ్చింది. "నీ రాత నువ్వే ఉంచుకో అయ్యా, నా బిడ్డ బతుకు ఆగం జెయ్యకు" అంది. అంత మాట ఆయన్ని ఎవరూ అనలేదు.

బుధవారం ఆఫీసు నించి వచ్చి, చొక్కా కూడా విప్పకుండా టైమ్‌పీసుకు కీ ఇచ్చి నా ముందు పెట్టాడు. "రాయి" అన్నాడు.

మొదటి రోజు ఆయన వల్ల కాలేదు. ఆరు నిమిషాలు అయిపోతాయి, నేను అక్షరం మధ్యలో ఉంటాను, ఆయన నోరు తెరుస్తాడు, మళ్ళీ మూస్తాడు. "గా ఒక్క ముక్క అయిపోనియ్యి" అంటాడు. వంటింట్లోంచి అమ్మ "చాలు!" అని అరుస్తుంది. నేను ఆగను. సార్ చెప్పినట్లే జరిగింది. రెండో రోజో మూడో రోజో నాయిన ఒక ఉపాయం కనిపెట్టాడు. కాగితం వైపు చూడకుండా కళ్ళు గట్టిగా మూసుకుని "చాలు" అనడం మొదలుపెట్టాడు. ఇంజెక్షన్ చేయించుకునేవాడిలాగా ఉండేది ఆ మొహం. రోజుకు పదిసార్లు.

నా రాత పాడవడం మొదలైంది. గీతలు పోయాయి, కొట్టివేతలు వచ్చాయి, అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. పది లెక్కల్లో మొదట మూడే అయ్యేవి, తర్వాత ఆరు, ఏడు. నాకైతే పండగలా ఉండేది, దాచడం ఎందుకు. నాయిన మాత్రం నేను రాసిన కాగితాలు చూడడం మానేశాడు. ఆదివారం చర్చి బోర్డు దగ్గరికి నన్ను తోడు పిలవడం కూడా మానేశాడు.

మూడో వారంలో టైమ్‌పీసు ఆగిపోయింది. అమ్మ నన్ను సార్ ఇంటికి పంపింది. చాపమీద ఆరేడుగురు పిల్లలు కూర్చుని ఉన్నారు. ఒకమ్మాయి నోటుపుస్తకం చాపితే ఆయన అలవాటుగా, "చదువు, విందాం" అన్నాడు. ఆ అమ్మాయి చదివింది. సార్ ఆమె పుస్తకంలో అంకెల మీద వేలు పెట్టి, "ఇక్కడ తప్పింది" అన్నాడు. నేను టైమ్‌పీసు ఇచ్చాను. దాన్ని విప్పుతూ, గూట్లోంచి ఒక కాగితం తీసి నాకిచ్చాడు. "గిది నీళ్ళోళ్ళు ఇచ్చి పోయిండ్రు. జర చదువు బేటీ."

రెండు రోజులు నల్లా రాదని తెలుగులో నోటీసు. నాలుగు వాక్యాలు. చదివి, "కండ్లద్దాలు మర్చిపోయిండ్రా సార్?" అన్నాను.

"కండ్లు మంచిగనే ఉన్నయి. తెలుగు చదవరాదు" అన్నాడు, స్క్రూ తిప్పుతూ. "నా చదువంత ఉర్దూల అయింది. తెలుగు నోటికొస్తది, కంటికి రాదు."

"మరి లెక్కలెట్ల చెప్తరు?"

"లెక్కలంటే అంకెలు గదా. మాటలు మీరు చదువుతరు, నేను వింట."

టైమ్‌పీసు మళ్ళీ టిక్కుటిక్కుమంది. దాన్ని నా చేతిలో పెట్టి, మొదటిసారి కొంచెం తడబడుతూ మాట్లాడాడు. "మీ నాయినకు చెప్పకు, పరీక్షలయ్యెదాక. నా అక్షరం చదవరానోడు నా అక్షరాన్ని బంద్ పెట్టిండా అని దిల్ల పడుతది. పడితే చాలు అనుడు ఆపేస్తడు. నువ్వు ఫెయిలయితవ్."

చెప్పలేదు. ఆరోజు నించి నాయిన కళ్ళు మూసుకుని "చాలు" అన్నప్పుడల్లా చెప్పేద్దామా అనిపించేది. అయినా చెప్పలేదు. నాకు ఆ తెల్ల టోపీ కావాలి.

పాసయ్యాను. సెకండ్ క్లాసు. లెక్కల్లో యాభై ఒకటి. పేపర్లో నంబరు చూసి అమ్మ గల్లీ అంతా వినబడేలా దేవుడికి స్తోత్రం చెప్పింది, పక్కింటి ఆంటీ చక్కెర తెచ్చి నా నోట్లో పోసింది. నాయిన, "మంచిది బిడ్డా" అన్నాడు. నవ్వాడు కూడా. కానీ ఆ నవ్వు ఎక్కువసేపు లేదు.

ఆదివారం చర్చి నించి రాగానే బల్ల దగ్గర కూర్చున్నాడు. సార్‌కు ఉత్తరం రాస్తానన్నాడు. మార్జిన్ గీశాడు. మధ్యాహ్నం అన్నం కూడా ఆ బల్ల దగ్గరే. ఒక కాగితం చింపాడు, రెండోది చింపాడు. దీపాలు పెట్టేవేళకు ఒక పేజీ తయారయింది. అలాంటి రాత ఆయన చేతినించి కూడా నేనెన్నడూ చూడలేదు. పరీక్షలయిపోయాయి కాబట్టి నేను నిజం చెప్పేయవచ్చు. చెప్పలేకపోయాను. చెబితే ఆ మూడోదాన్ని కూడా చింపేస్తాడని భయం. చెప్పకపోతే రేపు సార్ ముందు ఏమవుతుందోనని ఇంకో భయం. రాత్రంతా నాకు సరిగా నిద్రపట్టలేదు.

సోమవారం సాయంత్రం ఇద్దరం పంజాగుట్ట వెళ్ళాం. సార్ అప్పుడే ఫ్యాక్టరీ నించి వచ్చాడు. పాసయ్యానంటే, "పరీక్షల టైమ్ మిగిలిందా?" అని అడిగాడు. పదకొండు నిమిషాలు మిగిలాయన్నాను. "మస్తు" అన్నాడు. మార్కులు అడగలేదు. నాయిన టైమ్‌పీసు తిరిగిచ్చి, జేబులోంచి కవరు తీసి రెండు చేతులతో అందించాడు. "మీకోసం రాసిన సార్. చదువుకోండి" అన్నాడు.

సార్ నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను.

"భాయ్, నాకు తెలుగు చదవరాదు" అన్నాడు సార్. "బేటీకి తెల్సు. నేనే చెప్పద్దన్న. మాఫ్ చెయ్యండి."

నాయినకు వెంటనే అర్థం కాలేదు. "చదవరాదా?" అన్నాడు. "అసలుకే రాదా?" అన్నాడు. మొహం తెల్లబోయింది. ఆయన చెయ్యి కవరును వెనక్కి తీసుకోవడానికి ముందుకు వచ్చింది.

సార్ ఇవ్వలేదు. లేచి చేతులు కడుక్కుని వచ్చాడు. చొక్కాకు తుడుచుకుని, కాగితం విప్పి, కిటికీ దగ్గర వెలుతురులో పట్టుకున్నాడు. పై వరస మీద వేలు పెట్టి, కుడి నించి ఎడమకు, మెల్లగా నడిపించాడు. తర్వాత రెండో వరస. తర్వాత మూడోది. అలా కింది దాకా చూశాడు.

"గిది రాయనీకె ఎంతసేపు పట్టింది?" అన్నాడు.

నాయిన దొరికిపోయిన దొంగలాగా, "పొద్దంత పట్టింది సార్" అన్నాడు.

"పట్టాలె" అన్నాడు సార్. "గిసొంటిదానికి పొద్దంత పట్టాలె భాయ్. నాకు చదవరాకున్నా కండ్లకు తెలుస్తది." కాగితం మళ్ళీ ఒకసారి చూసి నాయిన చేతికి ఇచ్చాడు, చాప మీద చోటు చూపించాడు. "కూసోండి. మీరే చదివి వినిపియ్యండి. నిమ్మళంగ చదవండి, తొందరేం లేదు."

నాయిన కూర్చున్నాడు. గొంతు సవరించుకుని చదవడం మొదలుపెట్టాడు. నేను పక్కనుంచి ఆయన మొహం చూస్తూ కూర్చున్నాను. నేను పాసయిన రోజు కూడా ఆ మొహం అంత సంతోషంగా లేదు.